అప్పు కలిపింది, సంతకం అడిగింది

మా పెదనాన్న కర్మల రోజున నాకు నవ్వొచ్చింది. తిడతారేమో గానీ, నిజం. గిద్దలూరు దగ్గర పల్లె మాది. అన్నదమ్ములు ముగ్గురికీ రెండేళ్లుగా మాటల్లేవు. పంక్తిలో "వాడికి ఇంకో గారె వెయ్యమను" అని ఒకరు, "నాకేం అక్కర్లేదని చెప్పు" అని మరొకరు! మధ్యలో వడ్డించే కుర్రాడే రాయబారి. ఇంతలో బోర్లకు అప్పిచ్చినాయన వచ్చి పంక్తి చివర కూర్చున్నాడు. అంతే, ముగ్గురూ ఒక్కటైపోయారు. ఒకరు విస్తరి వేశారు, ఒకరు నీళ్లు పోశారు, మూడో ఆయన "పంట రాగానే ఇచ్చేస్తాం" అన్నాడు. మూడు బోర్లు వేసినా చుక్క పడలేదు గానీ, ఆ అప్పు మాత్రం ఇంటిని కలిపి ఉంచింది.

1996లో వెలిగొండ ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది. ఆ నీళ్ల కోసం చూసి చూసి మా పెదనాన్న తరం వెళ్లిపోయింది. బోరు పడితే ఆస్తి, పడకపోతే ఉమ్మడి అప్పు. కలిసి ఉండక ఏం చేస్తారు?

భోజనాలయ్యాక మాత్రం నవ్వు ఆగిపోయింది. మా అక్క ముందు కాగితం పెట్టారు. నేలలో తన వాటా తమ్ముళ్లకు వదులుకుంటున్నట్టు రాసి ఉంది. "పుట్టిల్లు నిలబడాలి గదా, పెట్టమ్మా" అంది పెద్దమ్మ. మాటల్లేని ముగ్గురిదీ అక్కడ ఒకే మాట!

మన రాష్ట్రంలో 1986లోనే చట్టం మార్చి పెళ్లికాని ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు ఇచ్చారు. 2005 కేంద్ర సవరణతో పెళ్లయినవాళ్లకూ వచ్చింది. ఆ సవరణ నాటికి తండ్రి బతికి ఉండాల్సిన పనీ లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇన్ని ఉన్నా, పుట్టింటికి మళ్లీ రానివ్వరేమోనన్న భయం ముందు ఏ చట్టమూ నిలవడం లేదు.

కుటుంబం కలిసి ఉండాలి, కాదనను. కానీ ఆ ఖర్చంతా ఆడపిల్లే ఎందుకు భరించాలి? కన్నీళ్లు ఆరకముందే, చదవకుండా సంతకం చేయకండి. న్యాయసేవా సంస్థల్లో ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా సలహా ఇస్తారు. ముందు అడిగి తెలుసుకోండి.

మా అక్క ఏం చేసిందంటారా? కలం పక్కన పెట్టి, "అప్పులో నా వాటా ఎంతరా?" అంది. తమ్ముళ్లు ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రెండేళ్లలో అదే మొదటిసారి!