పోయినవారు మిగిల్చునదేమి?

తాడేపల్లిగూడెము ప్రాంతపు సభ్యులొకరు ఇటీవల మమ్ము నొక ప్రశ్న యడిగిరి. "అయ్యా, మా నాయనగారు కాలము చేసి సంవత్సరము కావచ్చినది. వారి పేరు పదికాలములు నిలుచునట్లు ఊరి మొదట నొక ద్వారము కట్టింపదలచితిమి. తమ యభిప్రాయమేమి?" అని. మేము వెంటనే బదులు చెప్పలేకపోతిమి. ఆ యూరి శివారు చేలకు నీరందించు పంటబోదె పూడిపోయి తూడుతో నిండియున్న సంగతి మాకు తెలియును. ఇట్టి ప్రశ్న ఆయన యొక్కరిదే కాదు గనుక, మా సమాధానమును ఈ పత్రికాముఖమున నందరికిని మనవి చేయుచున్నాము.

పేరు మాట ముందుగా విచారింతము. శ్రాద్ధమునందు సైతము తండ్రి, తాత, ముత్తాత యను మూడు తరముల పేర్లే చెప్పుదురు. ఆ పైవాని పేరు కన్నబిడ్డల బిడ్డలకే తెలియదు. ఇక ఊరివారికి జ్ఞాపకముండునా?

మన పూర్వులు సప్తసంతానములని చెరువు, నిక్షేపము, అగ్రహారము, దేవాలయము, వనము, కావ్యము, పుత్రుడు అను నేడింటిని చెప్పిరి. వీనిలో కడుపున బుట్టునది యొక్కటియే. తక్కిన యారింటిని గూడ సంతానమనుటలో మర్మము గలదని మా తలంపు. బిడ్డను కన్నంతమాత్రమున చాలదు, పెంపవలెను. తండ్రి పోయిన పిదప ఆ పెంపకము బ్రతికియున్నవారి పాలబడును. చెరువునకైనను, కాలువకైనను ఇదియే న్యాయము.

గోదావరి ఆనకట్టనే చూడుడు. 1832-33 నాటి కరవులో గోదావరి నీరు సముద్రము పాలగుచుండగనే తీరదేశపు ప్రజలు ఆకలికి మలమల మాడిరి. ఆర్థరు కాటను దొర 1847లో ధవళేశ్వరమున ఆనకట్ట పని ప్రారంభింపగా 1852 నాటికది పూర్తియయ్యెను. విజ్జేశ్వరము వైపునుండి బయలుదేరిన నీరే ఏలూరు కాలువ ద్వారా మన చేలకు వచ్చుచున్నది. ఆయన 1899లో మరణించెను. నేటికిని గోదావరి జిల్లాల యూళ్లలో ఆయన విగ్రహములకు రైతులు దండలు వేయుచున్నారు.

అయితే ఆయన కట్టిన కట్టడమే నేడు మనకు నీరిచ్చుచున్నదా? కాదు. అది పాతబడగా దానికి బదులు క్రొత్త బ్యారేజి కట్టి, 1982 నాటికి పూర్తిచేసి, దానికి ఆయన పేరే పెట్టిరి. రాయి శిథిలమైనను నీరు ఆగలేదు గనుక పేరును ఆగలేదు. ఆనాడు తట్టలు మోసినవారి పేర్లు మనకు తెలియవు. కాటనుకు కుడిభుజమై పనివాండ్రను నడపిన వీణెము వీరన్నగారిని సైతము నేడు తలచువారు కొలదిమంది. వారందరి కష్టమును మన ప్రతి పంటలో నున్నది.

పేరు లేని సంతానమునకు మరియొక తార్కాణము మార్టేరు పరిశోధన స్థానము. వశిష్ఠ, మసూరి రకములను సంకరపరచి యచటివారు స్వర్ణ వరిని, అనగా ఎం.టి.యు. 7029ను, 1982లో విడుదల చేసిరి. ఒడిషా, వంగదేశముల రైతులును దానిని విరివిగా పండించిరి. దానిని రూపొందించినవారి పేరు మనలో నెందరెరుగుదురు? ఆ విత్తనమైనను కేళీలు ఏరివేసి శుద్ధముగా నిలుపుకొన్న రైతు ఇంటనే నిలుచును. ఏరనివాని ఇంట నాలుగేండ్లలో కలగాపులగమగును.

మిగులునదెల్ల మేలే యనుకొనరాదు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చు వరదను తనలో నిముడ్చుకొని ఉప్పుటేరు ద్వారా సముద్రమునకు విడుచుట కొల్లేటి పని. ఆ సరస్సు గర్భమున చేపల చెరువులకు గట్లు పోసినవారు తమ బిడ్డల మేలుకోరియే పోసిరి. పొట్టకూటికి పోసినవారును గలరు. కాని నీటి దారి ఇరుకైనది. కొల్లేరు 1999లో అభయారణ్యమై, 2002లో రాంసారు చిత్తడినేలల పట్టికలో చేరెను. 2006లో సర్కారువారు అనేకమైన గట్లను కొట్టివేసిరి. బిడ్డలకు ముంపును, తగవులను విడిచిపోవలెనని యే తండ్రియు కోరడు. అయినను ముందుచూపు లేని పని అట్టి ఆస్తినే మిగుల్చును.

కావున ఆ సభ్యునకు మా సలహా యిది. ద్వారము మానుకొనుడు. వేసవిలో కాలువలు కట్టిన పిదప ఆ బోదె పూడిక తీయింపుడు. మిగిలిన సొమ్మును సంఘమున నిలువ చేసి, దానిపై వచ్చు వడ్డీతో ఏటేట తూడు తీయించు నేర్పాటు చేయుడు. బోదె మొదట చిన్న రాతిపై నాయనగారి పేరు చెక్కించుకొన్నచో మాకు అభ్యంతరము లేదు. ఆ యక్షరములు అరిగిన నాటికిని నీరు శివారు చేరుచుండవలెను. మీ కుమారులు మీ వెనుక పూడిక తీయించుట మానినచో ఆ రాయి యొక్కటియే మిగులును. కనుక వారిని గూడ వెంటబెట్టుకొని పోయి, పనిని చూపింపుడు.