కుండీ మందారానికి ముందుగా వేరు పరీక్ష

కుండీలోని మందారం ఆకులు పసుపు రంగుకు మారగానే గుప్పెడు యూరియా వేసి, పూటపూటా నీరు పోయడం ఇళ్లలో పరిపాటి. పోషకాలు చాలని మొక్కకు ఎరువు మేలు చేయవచ్చును. వేరు కుళ్లిన మొక్కకు అదే ఎరువు ప్రాణాంతకమవుతుంది. కనుక చికిత్సకు ముందు కారణాన్ని నిర్ధారించుకోవాలి.

ముదురు ఆకులు మొదట పాలిపోతే నత్రజని లోపంగా, లేత ఆకులు పసుపుబారి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలితే ఇనుపధాతు లోపంగా భావించాలి. క్షారగుణం గల బోరునీరు దీర్ఘకాలం పోసిన కుండీలలో రెండవ లక్షణం తరచుగా కనిపిస్తుంది. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి, వారం వ్యవధిలో 2-3 సార్లు పిచికారి చేయాలి.

మట్టి తడిగా ఉన్నప్పటికీ మొక్క వడలితే వేర్లను అనుమానించాలి. మొక్కను మట్టిగడ్డతో సహా వెలికితీసి, నల్లబడి మెత్తబడిన వేర్లను కత్తిరించి, కొమ్మలను మూడోవంతు తగ్గించి, ఎర్రమట్టి, ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు సమపాళ్లలో కలిపిన మిశ్రమంలో తిరిగి నాటాలి. కుండీ అడుగున నీరు పోయే రంధ్రం మూసుకుపోకుండా చూడాలి. కొత్త చిగుళ్లు వచ్చే వరకు రసాయన ఎరువులు వేయరాదు.

పొలానికి భూసార పరీక్షను సిఫారసు చేసే విస్తరణ విభాగాలు, కుండీ పెంపకందారులకు ఈపాటి పరీక్షనైనా నేర్పడం సముచితం.