దిగులు వేరు, బెంగ వేరు

విదేశీ పత్రికలో, అదీ ఇంగ్లీషులో అచ్చయితేనే పరిశోధన అన్న నమ్మకం మన విశ్వవిద్యాలయాల్లో గట్టిగా నాటుకుపోయింది. స్త్రీల మనసు మీద పనిచేసేవాళ్ళకు అది చేసిన చేటు ఇంతా అంతా కాదు. పల్నాడు జిల్లా ముప్పాళ్ళలో మిరపకాయ కోతకు వెళ్ళే ఆడకూలీ ఆ లెక్కలో ఒక శాంపిల్. ఎక్కడో తయారైన ప్రశ్నావళిలో ఆమెకు వచ్చిన మార్కు సముద్రం దాటుతుంది. ఆమె చెప్పిన మాట మాత్రం చేలోనే ఉండిపోతుంది.

ఈ నమ్మకం తప్పు. పైగా, స్త్రీల మనస్తత్వ శాస్త్రం ఏ తప్పును ఎదిరించి నిలబడిందో ఆ తప్పే ఇది. మనస్తత్వవేత్త లారెన్స్ కోల్‌బర్గ్ 84 మంది మగపిల్లల్ని ఇరవై ఏళ్ళకు పైగా గమనించి నైతిక వికాసానికి మెట్లు కట్టాడు. ఆ మెట్ల మీద ఆడవాళ్ళు కిందే ఆగిపోయినట్టు కనిపిస్తే, లోపం వాళ్ళలో లేదు, కొలతలో ఉందని మరో మనస్తత్వవేత్త కెరొల్ గిలిగన్ 1982లో ఒక పుస్తకమే రాసింది. అంతకు ముందే, 1976లో, అమెరికాలో ‘సైకాలజీ ఆఫ్ విమెన్ క్వార్టర్లీ’ పత్రిక మొదలైంది. మగవాణ్ణి మనిషికి నమూనాగా పెట్టడం తప్పయినప్పుడు, అమెరికా కాలేజీ విద్యార్థినిని లోకంలోని ఆడవాళ్ళందరికీ నమూనాగా పెట్టడం ఎలా ఒప్పవుతుంది?

మనస్తత్వవేత్త జెఫ్రీ ఆర్నెట్ 2008లో ఆరు ప్రముఖ అమెరికన్ మనస్తత్వ శాస్త్ర పత్రికలను పరిశీలించాడు. పరిశోధనల్లో పాల్గొన్నవాళ్ళలో 68 శాతం ఒక్క అమెరికా వాళ్ళే. పాశ్చాత్య పారిశ్రామిక దేశాలన్నీ కలిపితే 96 శాతం.

ఇక భాష సంగతి. ‘బెంగ’ దూరమైన మనిషి కోసం పెట్టుకునేది. ‘గుబులు’ రాబోయేదాన్ని తలచుకుంటే పుట్టేది, అప్పు వాయిదా దగ్గరపడ్డప్పటి భయం లాంటిది. ‘దిగులు’ లోపల గూడు కట్టుకుని కూర్చుంటుంది. కాలేజీకి వెళ్ళిన కూతురి మీద బెంగ, కౌలు డబ్బు కోసం గుబులు ఒకే మనిషిలో ఒకేసారి ఉండొచ్చు. ఈ మూడింటినీ ‘డిప్రెషన్’ అన్న ఒక్క మాటలో కుక్కితే కారణాలు మాయమవుతాయి. కారణం మాయమైన చోట మందుబిళ్ళ తప్ప మరో దారి కనిపించదు.

వర్గీకరణలోనూ ఇదే జరుగుతోంది. జాతీయ నేర నమోదు సంస్థ లెక్క ప్రకారం 2021లో ఆత్మహత్య చేసుకున్న స్త్రీలు 45,026 మంది. వారిలో 23,178 మందిని ‘గృహిణులు’గా రాశారు. పట్టా తన పేరున లేకపోతే, తెల్లవారుజామునే చేలోకి దిగే ఆడమనిషి కూడా ఆ గడిలోనే పడే ప్రమాదముంది. ఆ గడిని అలాగే ఎత్తి వ్యాసంలో పెట్టుకుంటే అది ఏ పత్రికలో వచ్చినా లాభమేమిటి?

“తెలుగులో రాస్తే ఎవరు చదువుతారు?” అంటారు. స్త్రీశక్తి సంఘటన అనే స్త్రీవాద బృందం తెలంగాణ సాయుధ పోరాటంలోని స్త్రీల అనుభవాలను వాళ్ళ నోటనే చెప్పించి, 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’గా తెచ్చింది. ఇంగ్లీషు పుస్తకం 1989లో వచ్చింది. ముందు తెలుగు, ఆ తర్వాతే ఇంగ్లీషు. ఆ క్రమం వల్ల పుస్తకం విలువ వీసమెత్తు కూడా తగ్గలేదు.

విదేశాలకు పంపవద్దని కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్రం బోధించిన యు. వింధ్య, ఆంధ్రప్రదేశ్ వరకట్న మరణాల విషయంలో న్యాయవ్యవస్థ ఎలా స్పందించిందో పరిశీలించి రాసిన వ్యాసం 2000లో అంతర్జాతీయ పత్రికలోనే అచ్చయింది. ఇక్కడి చావుల గురించి, ఇక్కడి పోలీసుల, కోర్టుల గురించి ఆమె లోకానికి చెప్పారు. పంపాల్సింది ఇలా.

పీహెచ్‌డీకి ముందే వ్యాసం అచ్చవ్వాలన్న నిబంధనను యూజీసీ 2022లో తీసేసింది. కాబట్టి ఇప్పుడు తొందర లేదు. ‘దిగులు’ను దిగులుగానే ఉంచి, పక్కన వివరణ రాసి పంపనివ్వాలి. వ్యాసం వెళ్ళిన రోజే దాని తెలుగు ప్రతి ముప్పాళ్ళ ఆశా కార్యకర్త చేతికి కూడా అందాలి. అందులోని మాటల్లో ఏది తప్పో ముందుగా చెప్పగలిగేది ఆమే.