అల్లం బిళ్ళలు



గొంతు నొప్పి చేస్తే ఇంట్లో పెద్దవాళ్ళు అల్లం ముక్క నోట పెట్టుకోమంటారు కదూ? మీరేమో ముఖం చిట్లించి, వాళ్ళు అటు తిరగ్గానే కిటికీలోంచి పారేస్తారు. నాకు తెలుసు. చిన్నప్పుడు నేనూ పారేసినవాణ్ణే! అందుకని ఈ నెల అల్లంతో బిళ్ళలు చేద్దాం.

అల్లం దంచడం, వడకట్టడం మీ పని. పొయ్యి దగ్గర పని అమ్మదో నాన్నదో. మీరు దూరంగా నిలబడి చూడాలి. ఎందుకో చెబుతాను.

రెండంగుళాల అల్లం కొమ్ము చెక్కు తీసి, దంచి, అరగ్లాసు నీళ్ళు కలిపి గుడ్డలో పిండండి. పావుగంట కదపకుండా వుంచితే అడుగున తెల్లగా పిండి పేరుకుంటుంది. అది మాడే సరుకు, వదిలెయ్యండి. పైతేటలో గ్లాసు పంచదార, నాలుగు చుక్కల నిమ్మరసం వేసి పొయ్యి మీద పెట్టించండి.

నీళ్ళు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయని చదువుకున్నారు. పాకం అక్కడ ఆగదు. నీరు ఆవిరైపోయే కొద్దీ దాని వేడి పెరుగుతూనే వుంటుంది. ఉండపాకం 115 డిగ్రీల దగ్గర వస్తుంది. మన బిళ్ళలకు సుమారు 150 కావాలి. చన్నీళ్ళలో చుక్క వేసి, తీసి పళ్ళేనికి కొడితే టంగుమనాలి. ఇంత వేడి పాకం ఒంటి మీద పడితే నీళ్ళలాగా జారిపోదు, అంటుకుని కాలుస్తుంది. దూరంగా నిలబడమన్నది అందుకే.

నెయ్యి రాసిన పళ్ళెంలో చెమ్చాతో చుక్కలు చుక్కలుగా వేయిస్తే, చల్లారి బిళ్ళలవుతాయి.

మొదటిసారి నేను నిమ్మరసం మరిచిపోయాను. మర్నాటికి బిళ్ళలు పలుకులు కట్టి పొడిపొడి అయ్యాయి. రెండోసారి కాయంతా పిండాను. అన్నీ కలిసి ఒకే ముద్ద! నిమ్మలోని ఆమ్లం పంచదారలో కొంత భాగాన్ని గ్లూకోజు, ఫ్రక్టోజు అనే రెండు చక్కెరలుగా విడగొడుతుంది. రకరకాల ఇటుకలు కలిస్తే గోడ వరస కుదురుతుందా? అలాగే పలుకూ కట్టదు. కాని ఫ్రక్టోజు గాలిలోని తేమను పీలుస్తుంది. ఎక్కువైతే జిగటే.

పచ్చి అల్లం ఘాటుకు కారణం జింజెరాల్ అనే పదార్థం. ఎండినా, కాగినా అందులో కొంత షోగాల్‌గా మారుతుంది. దాని ఘాటు మరీ ఎక్కువ. శొంఠి చురుకు అదే! జపాను భాషలో అల్లాన్ని షోగా అంటారు, ఆ పేరే దీనికి పెట్టారు. ఈ ఘాటు, వేడిని పసిగట్టే నాడుల్ని తట్టుతుంది; అందుకే చల్లటి బిళ్ళ కూడా గొంతులో వెచ్చగా వుంటుంది. చప్పరిస్తుంటే లాలాజలం ఊరి గొంతు తడుస్తుంది, నొప్పి కాసేపు సర్దుకుంటుంది. అంతే. జబ్బును బిళ్ళ కుదర్చదు. జ్వరం వచ్చినా, మింగలేకపోయినా డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిందే.

రోజుకు రెండు చాలు. తిన్నాక నోరు పుక్కిలించండి. నాలుగైదేళ్ళ లోపు తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ పెట్టవద్దు, గొంతుకు అడ్డుపడుతుంది. మిగిలినవి మూత బిగువైన డబ్బాలో, పైగా అందని చోట దాచమని అమ్మతో చెప్పండి. మా ఇంట్లో డబ్బా ఖాళీ చేసే మనవల్లో ఒక్కడికీ గొంతు నొప్పి లేదు!