గరుకు షీటుపై మురికి యాసిడ్‌తో వదలదు

బళ్లారి, సండూరు, హోస్పేట వైపు తెలుగువాళ్ల ఇళ్లకు ఎర్రదుమ్ము కొత్త కాదు. ఇనుప ఖనిజం తవ్వే కొండలు, దాన్ని మోసే లారీలు ఉన్నచోట ఎంత ఊడ్చినా గడప దాటి దుమ్ము వస్తూనే ఉంటుంది. బండలు, గచ్చు ఉన్న రోజుల్లో రెండు బకెట్ల నీళ్లు కుమ్మరించి చీపురుతో కడిగేసేవారు. ఇప్పుడు అద్దె ఇళ్లలో పాత గచ్చు మీద వినైల్ షీటు పరిచేస్తున్నారు. చెక్కలాగో రాయిలాగో డిజైను, కాలు జారకుండా పైన గరుకు. ఆ గరుకులోనే వస్తోంది చిక్కంతా.

కొన్ని నెలలకే సన్నటి గుంటల్లో నలుపు చేరుతుంది. "ఏమ్మే, నేల సరిగ్గా తుడుస్తాండావా లేదా?" అని పనిమనిషి మీద కేకలు. "ఎంత రుద్దినా పోలేదక్కా" అని ఆమె జవాబు. ఆమె చెప్పేది నిజమే. తడిగుడ్డ మిట్టల మీదే తిరుగుతుంది, గుంటలోకి దిగదు. వంటింటి నూనె ఆవిరి, సరిగ్గా కడగక మిగిలిపోయిన సబ్బు జిడ్డు అక్కడ పేరుకుంటాయి. దానికి దుమ్ము అంటుకుంటుంది. ఒకే బకెట్ నీళ్లతో మూడు గదులు తుడిస్తే మొదటి గది మురికి మూడో గదిలో ఆరుతుంది.

ఇక్కడే చాలామంది తప్పుదారి పడుతున్నారు. మరుగుదొడ్డి కడిగే యాసిడ్ పోస్తారు, స్టీలు పీచుతో గీకిస్తారు. షీటు మీద బొమ్మను కాపాడేది పలుచని పారదర్శక పొర ఒక్కటే. పీచుతో అది గీతలు పడితే మురికికి మరిన్ని గుంటలు దొరుకుతాయి. యాసిడ్‌కు రంగు వెలిసిపోవచ్చు, అతుకుల్లోంచి దిగితే కింద సిమెంటునూ తినేస్తుంది. ఇక యాసిడ్ పోసినచోటే తెల్లగా రావాలని బ్లీచింగ్ పౌడర్ చల్లితే క్లోరిన్ వాయువు పుడుతుంది. తలుపులు మూసిన గదిలో అది ఊపిరితిత్తులకే ముప్పు. ఆ గాలి పీల్చేది వంగి రుద్దుతున్న మనిషి. యాసిడ్ దాడుల నేపథ్యంలో 2013లో సుప్రీంకోర్టు చిల్లర అమ్మకాలకు కట్టుబాట్లు పెట్టింది. మరుగుదొడ్డి కడిగే సీసాలో ఉన్నదీ యాసిడే అన్న సంగతి మాత్రం ఇళ్లల్లో గుర్తుండటం లేదు.

పని నిజానికి తేలికే, కాకపోతే ఓపిక కావాలి. ముందు పొడిగా బాగా ఊడ్వాలి. గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే ద్రవం కొన్ని చుక్కలు వేసి, నాలుగడుగుల మేర పలుచగా రాసి పది నిమిషాలు నాననివ్వాలి. మెత్తని నైలాన్ బ్రష్షుతో నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి రుద్దాలి. తేలిన మురికినీళ్లను వెంటనే పొడిగుడ్డతో ఎత్తేయాలి. ఈ ఒక్కటీ చేయకే శ్రమంతా వృథా అవుతోంది. వదిలేస్తే ఆ నీళ్లు మళ్లీ గుంటల్లోనే ఇంకుతాయి. తర్వాత మంచినీళ్లతో రెండుసార్లు తుడిచి ఆరనివ్వాలి. మొండి జిడ్డుకు వంటసోడా ముద్ద చాలు, అదీ ముందు ఒక మూల పరీక్షించాకే. నీళ్లు కుమ్మరించడం వద్దు. అతుకుల కిందకు దిగితే బూజు పడుతుంది.

పాత ఆఫీసుల్లో, బంగళాల్లో ఉండే లినోలియం వేరే సరుకు. అది అవిసె నూనె, బెరడు పొడి, రంపపు పొట్టు కలిపి జనపనార గుడ్డ మీద పరిచింది. దానికి సోడా, ఘాటు సబ్బు పనికిరావు, తడి ఎక్కువైనా పాడే.

నెలకోసారి ఇలా చేయించేవాళ్లు పనిమనిషికి చేతి తొడుగులు ఇవ్వాలి, ఆ రోజు గంట ఎక్కువ పనికి డబ్బులూ ఇవ్వాలి. రోజూ పావుగంటలో ముగించమని చెప్పి, నలుపు పోలేదని కసరడం న్యాయం కాదు. ఇంకో మాట. రబ్బరు అడుగున్న పట్టాలు ఏళ్ల తరబడి వేసిన చోట వచ్చే పసుపు మచ్చ మురికి కాదు. రబ్బరులోని రసాయనం షీటులోకి దిగి పట్టిన రంగు అది, ఎంత రుద్దినా పోదు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఆ మచ్చ చూపించి అడ్వాన్సులో కోత పెట్టే యజమానులు, తుడవలేదని పనిమనిషి జీతం తగ్గించే ఇల్లాళ్లు ఈ సంగతి తెలుసుకుంటే మంచిది.