చంపే చేతులు వేరు కావచ్చు, నేర్పిన బడి ఒక్కటే



పరువు హత్యల మీద రాసినప్పుడల్లా ఒక ప్రశ్న వస్తూనే ఉంది. "అన్నా, ఇద్దరూ ముస్లింలే. కులాంతరం కాదు, మతాంతరం కాదు. ఇంట్లో ఒప్పుకోలేదని బయటికి వస్తే వాళ్ళకు రక్షణ ఇవ్వమని ఏ చట్టం చెప్పింది?"

చెప్పింది. 2018 మార్చి 27న శక్తి వాహిని కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. జిల్లాకో ప్రత్యేక సెల్, 24 గంటల హెల్ప్‌లైన్, జంటలు తలదాచుకోడానికి సేఫ్ హౌస్ ఉండాలంది. ఎవరి కోసం? కులాంతర, మతాంతర జంటల కోసమే కాదు, కుటుంబమో ఊరి పెద్దలో వ్యతిరేకించే మరే పెళ్ళి కోసమైనా. విధి నిర్వహించని అధికారి మీద శాఖాపరమైన చర్య తీసుకోవాలని కూడా ఆ తీర్పులోనే ఉంది.

మరి స్టేషన్‌లో జరిగేదేంటి? "మీది మీ మతం వ్యవహారం. మసీదు కమిటీలో తేల్చుకోండి." లేదంటే అమ్మాయి తండ్రికి ఫోన్ చేసి పిలిపించి 'కౌన్సెలింగ్'. ఎవరికి భయపడి పారిపోయి వచ్చారో వాళ్ళ చేతికే అప్పగించడాన్ని కౌన్సెలింగ్ అంటారా?

పోనీ, మతం ఏమంటోంది? మన తెలుగు ముస్లింలలో ఎక్కువమంది పాటించే హనఫీ సంప్రదాయంలో, బుద్ధి తెలిసిన వయోజన స్త్రీ వలీ లేకుండానే తన నికాహ్ తాను చేసుకోవచ్చు. అంటే ఇక్కడ అడ్డం పడుతున్నది మతం కాదు. కులం. సయ్యద్‌ల గడపలోకి దూదేకుల అబ్బాయి అల్లుడిగా వస్తానంటే 'కుఫూ కుదర్లేదు' అంటారు చూడండి, ఆ మాట మనకు కొత్తదా? సొంత కులంలోనే పెళ్ళి అన్న నియమమే కులానికి ప్రాణం అని బాబాసాహెబ్ 1916లోనే తేల్చి చెప్పాడు. ఆ ప్రాణం మసీదు వీధిలోనూ కొట్టుకుంటోంది.

ఇది వినగానే కాషాయం కట్టినవాళ్ళు చప్పట్లు కొడతారు. ఆగండి. ముస్లిం ఆడపిల్లల స్వేచ్ఛ గురించి మీరు మాట్లాడొద్దు. ఉత్తరాఖండ్‌లో 2025 జనవరి నుంచి అమల్లో ఉన్న మీ ఉమ్మడి పౌరస్మృతి, సహజీవనం చేసేవాళ్ళు రిజిస్టర్ చేసుకోకపోతే జైలు అంటోంది. 21 ఏళ్ళు నిండకపోతే తల్లిదండ్రులకు కబురు పంపుతోంది. అమ్మాయిని తండ్రి చేతుల్లోంచి విడిపించి సర్కారు చేతిలో పెట్టడం విముక్తి ఎట్లా అవుతుంది?

మైనర్ల సంగతేంటి అంటారు. బాల్యవివాహాన్ని నేను సమర్థించను. కానీ పెళ్ళి చెల్లుతుందా అన్నది ఒక ప్రశ్న, ప్రాణం కాపాడాలా అన్నది ఇంకో ప్రశ్న. పంజాబ్-హర్యానా హైకోర్టు ఒక ముస్లిం జంటకు ఇచ్చిన రక్షణ మీద బాలల హక్కుల కమిషన్ వేసిన పిటిషన్‌ను 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు కొట్టేసింది. 21వ అధికరణం పెళ్ళి సర్టిఫికెట్ అడిగి ప్రాణం కాపాడదు.

ఇక మన సంగతి. 2018లో మిర్యాలగూడలో దళిత యువకుణ్ణి చంపించింది భార్య తండ్రి. 2022లో సరూర్‌నగర్‌లో దళిత యువకుణ్ణి నడిరోడ్డు మీద చంపింది భార్య అన్న. ఒకటి కులం కథ అన్నారు, ఇంకోటి మతం కథ అన్నారు. ఆడపిల్ల మా ఆస్తి అనే బుద్ధి రెండు చోట్లా ఒక్కటే. మన కోసం అడిగే రక్షణను ముస్లిం జంట కోసం అడగలేకపోతే మనం అడుగుతున్నది న్యాయం కాదు, వాటా.

విద్యార్థి మిత్రులకు ఒక పని. మీ జిల్లాలో సేఫ్ హౌస్ ఎక్కడుంది, ప్రత్యేక సెల్‌లో ఎవరున్నారు, హెల్ప్‌లైన్ నంబర్ ఏంటి? సమాచార హక్కు కింద ఈ మూడు ప్రశ్నలు వేయండి. జవాబు వస్తే హాస్టల్ గోడ మీద అంటించండి. రాకపోతే కలెక్టరేట్ ముందు కూర్చుందాం.

జై భీమ్.