విమానం కొత్తది.. మెసేజ్ మాత్రం టెలిప్రింటర్ కాలం నాటిదే! మీ బ్యాగ్ వెనుక అసలు కథ ఇదీ..

చెకిన్ కౌంటర్‌లో మీ సూట్‌కేస్‌కి ట్యాగ్ వేస్తారు. బెల్ట్ మీద వెళ్లిపోతుంది. అది ఏ ఫ్లైట్ ఎక్కాలో ఎయిర్‌పోర్ట్ బ్యాగేజీ సిస్టమ్‌కి చెప్పేది ఓ చిన్న మెసేజ్. పేరు బీఎస్ఎం. చూడ్డానికి పాత టెలిగ్రామ్‌లా ఉంటుంది. అన్నీ ఇంగ్లీష్ పెద్దక్షరాలు, కోడ్‌లే. ఈ తరహా మెసేజ్‌లను 'టైప్ బీ' అంటారు. ఫ్లైట్ ఆలస్యం, ప్రయాణికుల జాబితా లాంటివీ ఇలాగే వెళ్తుంటాయి.

ఎక్కడిదీ పద్ధతి?

1949లో 11 ఎయిర్‌లైన్స్ కలిసి సీటా అనే సంస్థ పెట్టుకున్నాయి. ఎవరి లైన్లు వారు వేసుకునే బదులు ఉమ్మడి నెట్‌వర్క్ వాడుకోవాలన్నది ఆలోచన. అడ్రస్‌కి ఏడక్షరాలు చాలు. హెచ్‌వైడీ అంటే హైదరాబాద్, ఎల్‌ఎల్ అంటే పోయిన లగేజీ వెతికే విభాగం, ఏఐ అంటే ఎయిరిండియా. నేటికీ ఇదే లెక్క!

ఇంటర్‌నెట్ వచ్చాక ఏం మారింది?

1998లో 'మాటిప్' అనే పద్ధతి వచ్చింది. ఆర్‌ఎఫ్‌సీ 2351 పేరుతో ప్రచురించారు. పాత మెసేజ్‌ని ముట్టుకోకుండా ఐపీ నెట్‌వర్క్‌లో పంపడమే దీని పని. రిజర్వేషన్ లాంటి లైవ్ ట్రాఫిక్‌కి పోర్ట్ 350, టైప్ బీకి 351 కేటాయించారు. ఒక్కమాటలో చెప్పాలంటే.. ఉత్తరం పాతదే, కవరే కొత్తది.

మొత్తం మార్చేయొచ్చుగా?

ఇక్కడే చిక్కు. హైదరాబాద్ నుంచి దుబాయ్ మీదుగా అమెరికా వెళ్లే బ్యాగ్‌నే తీసుకోండి. మూడు ఎయిర్‌పోర్టులు, ఎన్నో సిస్టమ్‌లు. ఒకరు కొత్త భాషలోకి మారి, మరొకరు మారకపోతే ఆ బ్యాగ్ మధ్యలోనే ఆగిపోవచ్చు. పైగా ఐఏటీఏ 753 తీర్మానం ప్రకారం 2018 జూన్ నుంచి బ్యాగ్‌ని నాలుగు చోట్ల ట్రాక్ చేయాలి. అంటే మెసేజ్‌ల అవసరం ఇంకా పెరిగింది.

అసలు ముప్పు ఎక్కడ?

పాతది ప్రైవేట్ నెట్‌వర్క్. లోపలున్నవాళ్లంతా మనవాళ్లే అన్న నమ్మకంతో నడిచింది. ఐపీలోకి వచ్చాక ఆ నమ్మకం ఒక్కటే సరిపోదు. మెసేజ్ పంపిందెవరు, దారిలో ఎవరైనా చదివారా అన్నది చూసేందుకు ఎన్‌క్రిప్షన్, తనిఖీలు విడిగా పెట్టుకోవాల్సిందే. ఎందుకంటే వాటిలో మీ పేరు, ప్రయాణ వివరాలు ఉంటాయి. 2021లో సీటా ప్యాసింజర్ సిస్టమ్‌పై జరిగిన సైబర్ దాడిలో సుమారు 45 లక్షల మంది వివరాలు ప్రభావితమయ్యాయని ఎయిరిండియా ప్రకటించింది. అది మెసేజ్‌ల నెట్‌వర్క్‌పై దాడి కాదు. కానీ ఉమ్మడి వ్యవస్థలో ఒక్కచోట గండి పడితే ఎంతమందికి నష్టమో చూపించింది.

పాత ఉత్తరం ఇంకొన్నేళ్లు నడిచినా ఫర్వాలేదు. కవర్‌కి సీల్ వేశారా లేదా అన్నదే ఎయిర్‌లైన్స్‌ని అడగాల్సిన ప్రశ్న.